తగినంత అంటే ఎంత?

వంటల పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు ఒక్క మాట దగ్గర ఒళ్ళు మండేది. "ఉప్పు - తగినంత". మినప్పప్పు ఒక చెంచా, ఎండుమిరపకాయలు ఆరు, ఇంగువ శనగగింజంత అని అంత ఓపికగా లెక్కలు చెప్పిన ఆ రచయిత్రిగారు తీరా ప్రాణంలాంటి ఉప్పు దగ్గరికొచ్చేసరికి "తగినంత" అని చేతులు దులిపేసుకునేది. తగినంతంటే ఎంతమ్మా తల్లీ? అమ్మనడిగితే, "చేతికి తెలుస్తుందే" అనేది. నా చేతికి తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ మా ఇంట్లోవాళ్ళు నోరెత్తకుండా తిన్నారు, పాపం.

మరిచిపోయిన ఆ కోపం ఈమధ్య మా పిన్ని డైరీ చూసినప్పుడు మళ్ళీ గుర్తుకొచ్చింది.

పిన్నికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో వాతపు నొప్పులని పట్టు వేసి ఊరుకున్నారు. ఆ జ్వరం కీళ్ళని ముద్దుపెట్టుకుని గుండెని కాటేస్తుందని డాక్టర్లంటారు. అలాగే అయింది. నలభయ్యో ఏట గుండెలో ఒక కవాటం తీసేసి లోహపుది పెట్టారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పక్కన పడుకుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. "నేను మింగిన గడియారమే" అంటుంది పిన్ని. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే జన్మంతా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. దాని పేరు వార్ఫరిన్. రక్తాన్ని పలచబరిచే మందు అంటాం కానీ అది పలచబరచదు, గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. తక్కువైతే గడ్డ కట్టి మెదడుకి పోతుంది, పక్షవాతం. ఎక్కువైతే చిన్న దెబ్బకే రక్తం ఆగదు, ఒక్కోసారి దెబ్బ కూడా అక్కర్లేదు. మరి ఎంత వేసుకోవాలి? తగినంత!

డైరీలో ప్రతి పేజీలోనూ ఒక తారీకు, ఒక అంకె, పక్కన పిన్ని గుండ్రటి అక్షరాలతో "ఒకటిన్నర", "సోమ గురు ఒకటి, మిగతా రోజులు అర" అని రాతలు. ఆ అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలిట ఆవిడకి. ఒకసారి 2.4 వచ్చింది. డాక్టరుగారు మాత్ర బాగా పెంచారు. పది రోజులకి 4.1. నాలుగు రోజులు పూర్తిగా మానెయ్యమన్నారు. తరువాత 1.6. మళ్ళీ పెంచారు. ఏడాది పొడుగునా ఉయ్యాల ఊగినట్టే ఉంది. ఆయన పేరున్న డాక్టరే, శ్రద్ధ లేని మనిషీ కాదు. నిజానికి శ్రద్ధ ఎక్కువయ్యే ఇలా జరిగిందేమోనని తరువాత నాకు అనుమానం వచ్చింది. ఆర్ట్సు చదివినదాన్ని, నాకీ గొడవ ఎందుకని ఊరుకోలేక పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. మొదలుపెట్టింది పిన్ని కోసమే కానీ, కథ మాత్రం నవల కంటే బాగుంది.

కథ ఆవులతో మొదలవుతుంది. 1920ల మొదట్లో కెనడాలోనూ, అమెరికా ఉత్తరపు మైదానాల్లోనూ పశువులు వింతగా చచ్చిపోసాగాయి. కొమ్ములు కోస్తే రక్తం ఆగదు. కోడెదూడకి విత్తు కొడితే తెల్లారేసరికి కొట్టంలో రక్తపు మడుగు. అంటురోగమేమో అనుకున్నారు. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే కెనడా పశువైద్యుడు, అంటురోగం కాదు, తిండిలో ఉంది అన్నాడు. ఆ పశువులు తినేది స్వీట్ క్లోవర్ అనే గడ్డి. మన మెంతికూరకి దగ్గర చుట్టం లెండి. కోసి ఆరబెడితే కమ్మటి వాసన, ఆ వాసన కుమారిన్ అనే పదార్థానిది. బాగా ఎండిన గడ్డి తింటే ఏమీ కాదు. వాన తడికి బూజు పట్టిన గడ్డి తింటేనే ప్రమాదం. స్కోఫీల్డ్ ఒకే వాములోంచి మంచి గడ్డీ బూజు గడ్డీ విడివిడిగా ఏరి కుందేళ్ళకి పెట్టి చూశాడు. బూజుది తిన్నదే చచ్చిపోయింది. అన్నట్టు ఈ స్కోఫీల్డ్ అంతకుముందు కొరియాలో మిషనరీ. అక్కడ 1919లో జపాను ప్రభుత్వం చేసిన దారుణాలని ఫోటోలు తీసి లోకానికి చూపించిన సాహసి. ఆయన సమాధి ఇప్పటికీ సియోల్‌లో దేశభక్తుల సమాధుల మధ్య ఉంది. ఒక మనిషి బతుకులో ఎన్ని కథలుంటాయో చూడండి!

కారణం తెలిసినా రైతుకి ఏం ఒరిగింది? బూజు గడ్డి పారెయ్యమన్నారు. కరువు రోజుల్లో గడ్డి పారేస్తే పశువుకి ఏం పెట్టాలి?

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమంతా మంచు తుపాను. ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు లారీలో ఒక చచ్చిన పెయ్యనీ, పాలక్యానుతో గడ్డకట్టని రక్తాన్నీ, సుమారు వంద పౌన్ల పాడు గడ్డినీ వేసుకుని 190 మైళ్ళు ప్రయాణం చేసి మాడిసన్ చేరాడు. పశువైద్యాధికారి ఆఫీసు మూసేసి ఉంది. తలుపు తెరిచి ఉన్న మొదటి భవనంలోకి దూరాడు. అది విశ్వవిద్యాలయంలో రసాయన శాఖ. అక్కడ కార్ల్ పాల్ లింక్ అనే ఆచార్యుడు, ఆయన సహాయకుడు షోఫెల్ ఉన్నారు. లింక్ చెప్పగలిగింది ఒక్కటే - ఆ గడ్డి మానిపించు, వీలైతే మంచి పశువు రక్తం ఎక్కించు అని. ఆ రైతు మళ్ళీ ఆ మంచులోనే ఇంటికి బయల్దేరాడు. అతని ముఖం చూసి లింక్ మనసు చివుక్కుమంది. షోఫెల్ అయితే ఆ పాలక్యానులో చేతులు ముంచి, ఈ రక్తం ఎందుకు గడ్డకట్టదని గొణుక్కుంటూ రాత్రి దాకా అక్కడే తిరిగాడట.

అక్కణ్ణించి ఆరేళ్ళు పట్టింది. 1939 జూన్‌లో లింక్ శిష్యుడు కాంప్‌బెల్ ఆ బూజు గడ్డిలోంచి పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. దాని పేరు డైకుమరాల్. కమ్మటి వాసనిచ్చే ఆ కుమారినే బూజు పట్టాక ఇలా మారుతుంది. రెండేళ్ళు తిరక్కుండానే, 1941లో, మేయో క్లినిక్‌లో డాక్టర్లు మనుషుల మీద వాడి చూశారు. విరుగుడు కూడా చేతికి దగ్గరలోనే ఉంది. డెన్మార్కులో హెన్రిక్ డామ్ అనే ఆయన కోడిపిల్లల మీద పరిశోధన చేస్తూ విటమిన్ కె కనిపెట్టాడు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలని కాలేయం తయారుచెయ్యాలంటే ఈ కె ఉండాలి. లింక్ మందు ఆ కె పని సాగనివ్వదు. ఒకటి తాళం, ఒకటి తాళంచెవి అన్నమాట.

ఇక ఎలకల సంగతి. 1945లో లింక్‌కి క్షయ తిరగబెట్టి శానిటోరియంలో పడుకోవాల్సి వచ్చింది. మంచం మీద ఊరికే ఉండలేక ఎలకల మందుల చరిత్ర చదివాడు. డైకుమరాల్‌కి తోబుట్టువులు నూటయాభై దాకా ప్రయోగశాలలో తయారై ఉన్నాయి. అందులో 42వ నంబరుది ఎలకలకి సరిపోతుందనిపించింది. తిన్న వెంటనే చావదు కాబట్టి మిగతా ఎలకలకి అనుమానం రాదు. 1948లో అమ్మకానికొచ్చింది. పరిశోధనకి డబ్బిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల సంస్థ పేరులోని పొడి అక్షరాలకి కుమారిన్ తోక తగిలించి వార్ఫరిన్ అన్నారు. 1951లో ఒక సైనికుడు బతుకు మీద విరక్తితో ఆ ఎలకలమందు తిని, తరువాత తనే ఆస్పత్రికి వచ్చాడు. విటమిన్ కె ఇచ్చి, రక్తం ఎక్కించి బతికించారు. మనిషికి కూడా పనికొస్తుంది, విరుగుడూ పనిచేస్తుందని ధైర్యం వచ్చింది. 1954లో మనుషుల మందుగా అనుమతి. మర్నాటి ఏడే, 1955 సెప్టెంబరులో, అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే ఆయనకి ఇచ్చిన మందుల్లో ఇదీ ఒకటి. అధ్యక్షుడంతటివాడు మింగాక ఇంక ఎలకలమందని ఎవరు ముఖం చిట్లిస్తారు?

ఇంతవరకూ చెబితే ఎవరికైనా కథ సుఖాంతమనిపిస్తుంది. చాలా పుస్తకాల్లో ఇక్కడితో ఆపేస్తారు కూడా. నాకేమో అసలు కథ ఇక్కడే మొదలైందనిపించింది. మందు దొరికింది, సరే. ఎంత?

ఈ మందు లక్షణం చిత్రమైంది. ఒకరికి రోజుకి ఒక మిల్లీగ్రాము చాలు, ఇంకొకరికి పది కావాలి. మనిషిని చూసి, లావు సన్నం చూసి చెప్పలేరు. పైగా ఇవాళ వేసుకున్న మాత్ర పని ఇవాళ తెలియదు. రక్తంలో అప్పటికే ఉన్న పదార్థాలు ఖర్చయిపోయాకే దాని ప్రభావం బయటపడుతుంది. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆవకాయ కలిపిన వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. కలిపిన రోజున ఉప్పు చూసి లాభం లేదు. మూడోనాడు తిరగ కలిపినప్పుడు కానీ అసలు రుచి తెలియదు. మొదటిరోజే చప్పగా ఉందని గుప్పెడు ఉప్పు పోసినవాళ్ళ ఆవకాయ ఏమవుతుందో మనకి తెలుసు. పిన్ని డైరీలో జరిగింది కచ్చితంగా అదే.

తొలిరోజుల్లో డాక్టర్లు కూడా ఆ పనే చేశారు. త్వరగా పనిచెయ్యాలని మొదటిరోజే పెద్ద మోతాదు పోసేవారు. 1968లో ఓరైలీ, అగ్గెలర్ అనే ఇద్దరు డాక్టర్లు, అంత పోసినా ఒరిగేదేమీ లేదని, రోజువారీ మోతాదుతోనే మొదలుపెట్టినా ఫలితం అంతేనని చూపించారు.

కొలత సంగతి కూడా అంతే గందరగోళం. రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే పరీక్షని 1935లో ఆర్మండ్ క్విక్ అనే ఆయన కనిపెట్టాడు. రక్తంలోని ద్రవానికి కుందేలు మెదడు నుంచి తీసిన పదార్థం కలిపి గడియారం చూడటం. ఈ కలిపే పదార్థం ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం. ఇంగ్లండులో మాంచెస్టర్‌లో లియాన్ పొల్లర్ అనే డాక్టరు దేశమంతా ఒకే రకం వాడేలా చేశాడు. అమెరికాలో ఎవరి సరుకు వాళ్ళది, పైగా అది మొద్దు రకం. ఫలితమేమిటంటే, కాగితం మీద ఒకే అంకె వచ్చినా అమెరికా రోగి ఇంగ్లండు రోగి కంటే ఎక్కువ మందు మింగేవాడు. ఎక్కువ రక్తం పోగొట్టుకునేవాడు. ఇది ముప్ఫయ్యేళ్ళు సాగిందంటే నమ్మాలనిపించదు. మానికలు వేరైన రెండు ఊళ్ళ మధ్య బియ్యం బేరంలా ఉంది. చివరికి 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎవరు ఏ పదార్థం వాడినా లెక్క ఒకే అంకెలోకి మార్చేటట్టు ఏర్పాటు చేసింది. అదే ఐ.ఎన్.ఆర్. మందు వేసుకోని మనిషికి ఒకటి ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్ళకి రెండు నుంచి మూడు, పిన్నిలాంటి లోహపు కవాటం వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ ఉండాలి. ఇప్పుడు పిన్ని డైరీ లండన్ తీసుకెళ్ళి చూపించినా అర్థమవుతుంది.

అంకె కుదిరింది. ఆ అంకె చూసి ఏం చెయ్యాలో చెప్పేదెవరు? అప్పటిదాకా డాక్టరుగారి అనుభవం, మా అమ్మ అన్న "చేతికి తెలుస్తుంది". 1984లో వేల్స్‌లో కొందరు డాక్టర్లు ఒక చిన్న పట్టిక వేశారు. మొదటిరోజు ఇంత, రెండోరోజు పొద్దున్న అంకె ఇంతుంటే ఇంత, మూడోరోజు ఇలా, నాలుగోరోజు అంకెని బట్టి ఈ మనిషికి ఇకమీదట రోజూ ఎంత పడుతుందో ఊహ. జేబులో పెట్టుకునేంత కాగితం. పెద్ద డాక్టరు లేని రాత్రివేళ కుర్ర డాక్టరు కూడా దాన్ని చూసి మందివ్వగలిగాడు. ఇలాంటి క్రమపద్ధతినే ఆల్గరిథమ్ అంటారు. పేరు విని బెదరకండి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త మన భారతీయుల అంకెలతో లెక్కలు ఎలా చెయ్యాలో పుస్తకం రాశాడు. ఆయన పేరే లాటిన్ నోళ్ళలో నలిగి ఈ మాటయింది.

తరువాత ఆ కాగితం కంప్యూటర్లోకెక్కింది. అప్పుడు డాక్టర్లకి సహజంగానే పౌరుషమొచ్చింది. మేం ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాం, డబ్బా మాకు చెబుతుందా అని. ఆ పొల్లర్‌గారే పందెం పెట్టాడు. 1998లో అచ్చయిన ఫలితం ఇది. యూరప్‌లో ఐదు ఆస్పత్రులు, 285 మంది రోగులు. కొందరికి అనుభవజ్ఞులైన డాక్టర్లు మోతాదు చెప్పారు, కొందరికి కంప్యూటరు. హద్దులో ఉన్న కాలం డాక్టర్ల చేతిలో నూటికి 53 వంతులు, కంప్యూటరు చేతిలో 63. 2008లో ఇంకా పెద్ద పందెం, 13 దేశాల్లో 13,219 మంది మీద. అక్కడా కంప్యూటరు వల్ల ఎవరికీ ఎక్కువ హాని జరగలేదు.

ఇంత చదివిన డాక్టరు చిన్న పట్టిక ముందు ఎందుకు ఓడిపోయాడు? ఈ ప్రశ్న దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. జవాబు కొంత 2012లో వచ్చిన ఒక పరిశీలనలో దొరికింది. 44 దేశాల్లో గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడుతున్న ఆరువేల మంది లెక్కలు తీశారు. వాళ్ళ డాక్టర్లందరికీ ఒకే సులువైన పట్టిక ఇచ్చి ఉన్నారు. రెండుకీ మూడుకీ మధ్య ఉంటే ముట్టుకోవద్దు. రెండుకి కొంచెం తగ్గితే వారం మొత్తం మీద నూటికి పది పెంచు, ఒకటిన్నర కూడా లేకపోతే పదిహేను. మూడు దాటి నాలుగు లోపుంటే నూటికి పది తగ్గించు. నాలుగు దాటితే ఒకరోజు ఆపి, ఆపైన నూటికి పది తగ్గించు. ఐదు దాటితే హద్దులోకి వచ్చేదాకా ఆపు. ఇంతే! వారానికి ఏడు మాత్రలు వేసుకునే మనిషికి నూటికి పది అంటే ఒక మాత్ర కూడా కాదు, వారంలో ఒకరోజు అరమాత్ర తేడా, ఇంచుమించుగా. ఈ పట్టికని ఎంతగా పాటిస్తే రోగుల అంకె అంతగా హద్దులో నిలిచింది. పక్షవాతాలూ, రక్తస్రావాలూ అంత తగ్గాయి. దేశానికీ దేశానికీ ఉన్న తేడాలో చాలా భాగం ఇదే అని తేలింది.

ఆ పట్టికలో నాకు నచ్చింది "ముట్టుకోవద్దు" అన్న మొదటి మాట. మందు పెంచడానికీ తగ్గించడానికీ చదువు కావాలి. ఊరికే ఉండటానికి ఇంకా ఎక్కువ చదువు కావాలి కాబోలు. రోగి అంత దూరం నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఫీజు తీసుకుని, "ఏమీ మార్చొద్దు, వెళ్ళిరండి" అనడం ఏ డాక్టరుకైనా కష్టమే. వెళ్ళిన మనకీ తృప్తిగా ఉండదు.

రెండో కారణం భయం. కెనడాలోని ఒంటారియోలో 2006లో ఒక సంగతి బయటపెట్టారు. వార్ఫరిన్ ఇచ్చిన రోగికి తీవ్రంగా రక్తస్రావమైతే, ఆ డాక్టరు తరువాత వచ్చే రోగులకి ఆ మందు రాయడం తగ్గించేవాడు, ఐదింట ఒకవంతు దాకా. అదే మందు రాయక రోగికి పక్షవాతమొస్తే? ఆ డాక్టరు అలవాటులో మార్పేమీ లేదు! తను ఇచ్చిన మందు వల్ల జరిగింది కళ్ళముందు మెదులుతూ ఉంటుంది. ఇవ్వకపోవడం వల్ల జరిగింది దేవుడి మీదకి పోతుంది. ఇందులో డాక్టర్లని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఒకసారి పాలు పొంగిపోతే నెలరోజులు పొయ్యి దగ్గరే నిలబడే వాళ్ళమేగా మనమూను. కాగితానికి కిందటి మంగళవారం ఏం జరిగిందో గుర్తుండదు. దాని గొప్పతనమల్లా అదే.

అలాగని కాగితాన్ని పూజగదిలో పెట్టక్కర్లేదు. కాగితం ఎవర్ని చూసి రాశారో వాళ్ళ సంగతే దానికి తెలుసు. 2004లో ఈ మందు పనిచేసే చోటికి సంబంధించిన జన్యువుని కనిపెట్టారు. ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ ఎందుకు పడుతుందో కొంత తెలిసింది. 2009లో నాలుగు ఖండాల నుంచి ఐదువేల పైచిలుకు రోగుల లెక్కలు తెచ్చి పెద్ద సూత్రం తయారుచేశారు. వయసు, ఎత్తు, బరువు, జన్యువులు, వాడే ఇతర మందులు, ఆఖరికి జాతి కూడా వేసి లెక్క కడితే మోతాదు వస్తుంది. అందులో "ఆసియావాసి" అయితే కొంత తగ్గించమని ఉంది. బాగానే ఉంది కానీ, ఎవరా ఆసియావాసి? ఎక్కువమంది జపాను, కొరియా, తైవాను వగైరాల వాళ్ళు. వాళ్ళలో తక్కువ మందు సరిపోయే జన్యువు చాలామందికి ఉంటుంది. మనవాళ్ళలో అది తక్కువ. సింగపూరులో చూస్తే అక్కడి చైనావాళ్ళ కంటే అక్కడి భారతీయులకి ఎక్కువ మందే పడుతోంది. మనమూ ఆసియావాళ్ళమే, ఖండం పటం ప్రకారం. మన రక్తం పటం చూసుకుని గడ్డకట్టదు కదా!

ఇలాంటి పొరపాటే 2013లో అమెరికాలో బయటపడింది. వెయ్యిమంది పైన చేసిన పరిశోధనలో, జన్యువుల సూత్రంతో లెక్క కడితే మామూలు లెక్క కంటే మేలేమీ కనిపించలేదు. నల్లజాతి వాళ్ళకైతే ఇంకా అధ్వాన్నం. వాళ్ళలో ఉండే జన్యు భేదాలు సూత్రంలో లేకపోవడం ఒక కారణమంటారు. అదే ఏడు యూరప్‌లో చేసిన పరిశోధనలో మాత్రం సూత్రం గెలిచింది. అక్కడి రోగులు దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఆ పిండి ఆ రొట్టెకి సరిపోయింది.

ఇంత తంటా ఎందుకు, కొత్త మందులొచ్చాయి కదా అంటారు మా అబ్బాయి లాంటివాళ్ళు. వచ్చాయి. 2010 నుంచి రక్తపరీక్ష అక్కర్లేని మాత్రలు వస్తున్నాయి, చాలామందికి హాయి. పిన్నికి మాత్రం ఆ హాయి లేదు. లోహపు కవాటాల వాళ్ళ మీద అందులో ఒకదాన్ని ప్రయత్నించి, గడ్డలూ ఎక్కువై రక్తస్రావాలూ ఎక్కువై 2012లో మధ్యలోనే ఆపేశారు. కీళ్ళ జ్వరంతో గుండె పాడై లయ తప్పినవాళ్ళ మీద 2022లో ఇంకో పెద్ద పరిశోధన వచ్చింది. మన దేశంతో సహా 24 దేశాల్లో నాలుగువేల అయిదువందల పైచిలుకు మంది. నడిపించిన వాళ్ళలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు గణేశన్ కార్తికేయన్ ఒకరు. అందరూ కొత్త మందే గెలుస్తుందనుకున్నారు. వార్ఫరిన్ జాతి పాత మందులే గెలిచాయి, చావులు తగ్గాయి. చేరినప్పుడు ఆ మందు వాడుతున్న వాళ్ళలో మూడోవంతు మందికే అంకె హద్దులో ఉన్నా కూడా! ఇంకో సంగతి. అందులో చేరిన రోగుల్లో నూటికి 72 మంది ఆడవాళ్ళు, సగటు వయసు యాభై. ఈ జబ్బు చిన్నప్పుడు ఇరుకు ఇళ్ళల్లో, గొంతునొప్పిని పట్టించుకోని చోట్ల పడుతుంది. ఆడపిల్ల గొంతునొప్పిని పట్టించుకునేదెవరు? అదే పిల్ల పెళ్ళయి గర్భిణి అయితే ఈ మందు మాయ దాటి లోపలి బిడ్డకి చేరుతుంది. మొదటి మూడు నెలల్లో మరీ ప్రమాదం, మానేస్తే తల్లి కవాటానికి ప్రమాదం. అక్కడ ఏ పట్టికా ఒంటరిగా జవాబు చెప్పలేదు.

పిన్ని కవాటం తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో రూపొందించిన రకం. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు, విదేశీ కవాటాల కంటే చాలా చవక. ఆ కవాటాల వాళ్ళు మన దేశమంతటా పల్లెల్లో కూడా ఉన్నారు. కవాటం చవకలో వచ్చింది కానీ, నెలనెలా ఆ అంకె చూపించుకోవడానికి బస్సెక్కి వెళ్ళాలి. జర్మనీలో 1980ల నుంచే రోగులకి నేర్పించి, ఇంట్లోనే వేలి రక్తంతో పరీక్ష చేసుకుని పట్టిక ప్రకారం మాత్ర సర్దుకోనిస్తున్నారు. పిన్ని లెక్కల్లో నా కంటే గట్టిది. ఆ పని ఆవిడకి ఇట్టే వచ్చును. పరీక్ష పట్టీల ఖరీదు వింటే మాత్రం ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

ఆకుకూరల సంగతి అడుగుతారని తెలుసు. వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి పాలకూర, తోటకూర, గోంగూర పూర్తిగా మానెయ్యమని పిన్నికి ఎవరో చెప్పారు. ఐదేళ్ళు గోంగూర ముఖం చూడలేదు ఆ మహాతల్లి. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది వేరు. తినండి, కానీ వారానికి ఎంత తింటారో ఎప్పుడూ అంతే తినండి, దానికి తగ్గట్టు మాత్ర సర్దుతాం అంటున్నారు. శ్రావణమాసంలో గంపెడూ, సంక్రాంతికి సున్నా అయితేనే చిక్కు.

ఈమధ్య పిన్ని డాక్టరుని మార్చింది. ఈయన చిన్నవాడు. బల్లమీద అద్దం కింద ఒక పట్టిక పెట్టుకున్నాడు. కిందటి నెల నేనే తోడు వెళ్ళాను. అంకె 2.4 వచ్చింది. పాత డైరీలో ఉయ్యాల మొదలైన అంకే! నా గుండె దడదడలాడింది. ఆయన అద్దం కిందకి చూశాడు, డైరీ చూశాడు, ఈమధ్య మాత్ర ఏమైనా మరిచిపోయారా అని అడిగాడు. చుట్టాల పెళ్ళిలో ఒకరోజు మరిచిపోయానంది పిన్ని. "అయితే ఇదే మోతాదు వేసుకోండి, పది రోజులకి మళ్ళీ చూద్దాం" అన్నాడు.

బయటికొచ్చాక ఆటోలో పిన్ని ముఖం ముడుచుకుని కూర్చుంది.

"ఏమే అమ్మాయ్, ఇంత దూరం వస్తే ఏమీ మార్చలేదేమిటే ఈయన? కుర్రాడు, తెలుసో తెలీదో!"

"తెలుసు పిన్నీ" అన్నాను.

పది రోజులకి 2.8 వచ్చింది. పిన్ని ఫోను చేసి ఆ అంకె చెప్పలేదు. గోంగూర పచ్చడి చేశాను, వారానికి రెండుసార్లు లెక్క పెట్టుకున్నాను, సీసా పంపిస్తున్నాను, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పు అంది.